ఐదు చప్పట్లు

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం: మంచం మీద బాపు, పొయ్యి దగ్గర నన్ను కన్న అవ్వ, బాపును పట్నం దవాఖాన నుంచి తీసుకొచ్చిన బుచ్చన్న మామ, నేను.

మామ డాక్టరు చీటీ నా చేతిలో పెట్టాడు. "ఇంట్ల దొరసాని ఉండంగ ఇంకొకల్లను అడుగుడెందుకు? గా పెద్ద ఇంగ్లీషు మాట ఏందో చదువు."

నలుగురి ముందు నోరు విప్పని దాన్ని. బాపు నవ్వాడు. "బాన్సువాడ బడిల సారు చెప్పినట్టు చప్పట్లు కొట్టుకుంట చదువు బిడ్డా."

"ఇ-నా-ప-ర-బుల్." ఐదు చప్పట్లు. నొక్కి పలకాల్సిన చోట రెండోది గట్టిగా కొట్టాను.

"ఇగ ముక్కలు చెయ్యి," అన్నాడు బాపు.

సారు మాటను తోక నుంచి విడదీయమనేవాడు. "చివర ఏబుల్. అంటే చేయొచ్చు. నడుమ ఉన్నది ఆపర్. అంటే ఆపరేషన్."

"ఆపరేషన్ చేయొచ్చట!" అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పక్కింటి పోచవ్వకు చెప్పడానికి మామను వెంటబెట్టుకుని ఉరికింది.

ముందు 'ఇన్' మిగిలింది. ఇన్ అంటే కాదు. నా చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"ముందు ముక్క ఏంది బిడ్డా?"

"ఏం లేదు బాపు. ఉత్తదే."

బాపు నా ముఖం చూశాడు. "డాక్టరు నన్నొక్కన్నే పిలిచి చెప్పిండు. మీ అవ్వకు చెప్పనీకి నోరు రాలే. నీతోని చదివిస్తే తెలుస్తదనుకున్న."

"అవ్వను పిలవాల్నా?"

"వద్దు. ఇయ్యాల కడుపునిండ తిననీ."

గోడ పట్టుకుని లేచి, నన్ను గడప దాటించాడు. "బడికి పో. గా ముక్క ఎవ్వలకు చదువకు."

తలుపు వేసుకున్నాడు.