రైటు మెడలో తాయెత్తు

కోరుట్ల బస్టాండు ముందు దీక్షా శిబిరంలో ఆ రోజు కూర్చున్నది పదకొండు మంది మనుషులు, ఒక కుక్క.

కుక్క పేరు రైటు. ఆర్టీసీ కండక్టరు నారాయణది. రెండేళ్ళ కిందట కథలాపూర్ స్టేజీలో అది ఆఖరి ట్రిప్పు బస్సెక్కి ఎంతకీ దిగకపోతే ఇంటికి తెచ్చుకున్నాడు. కండక్టరు కుక్కకు ఇంకేం పేరు పెడతాడు? "రైట్, రైట్" అంటే చాలు, వెంట నడిచేది.

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. బస్సులు డిపో దాటలేదు. నారాయణ రోజూ శిబిరానికి వస్తుంటే రైటూ వచ్చేది. మూడు రోజులుగా అది మెతుకు ముట్టడం లేదు.

"నీ కుక్క గూడ దీక్షకు కూసున్నదే!" అన్నాడు డ్రైవరు పరశురాములు.

అందరూ నవ్వారు. ఎవరో బంతిపూల దండ వేశారు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది: 'తెలంగాణ కోసం శునకం ఉపవాసం'. నారాయణ నాలుగు కాపీలు కొన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఒక కొత్తాయన చెమటలు కక్కుతూ సైకిలు దిగాడు. తెల్ల టోపీ, జేబులో అదే పేపరు మడత. తిన్నగా వెళ్ళి రైటు దగ్గర కూర్చుని, ఉర్దూలో ఏదో గొణిగాడు.

తల ఎత్తలేని కుక్క చెవులు నిక్కబొడిచింది. పాక్కుంటూ వెళ్ళి ఆయన ఒడిలో మూతి పెట్టింది.

నారాయణ గబగబా దగ్గరికొచ్చాడు. రెండేళ్ళు సాకిన తనకు తోకైనా ఊపలేదు. దారిన పోయేవాడి ఒడి కావాల్సి వచ్చిందా దీనికి?

ఆయన కుక్క పెదవి ఎత్తి చూశాడు. చెవి వెనక వెంట్రుకలు విడదీశాడు.

"ఇది దీక్ష కాదు భాయ్, జరం. చిగుర్లు సూడుండ్రి, తెల్లగ పాలిపోయినయి. పిడుదులు నెత్తురు దాగుతున్నయి."

"నా కుక్క సంగతి నాకు తెల్వదా? నువ్వెవలు?"

"ఖుర్షీద్."

"ఏ ఊరు?"

"గీ పక్కనే."

ఖుర్షీద్ హోటలు నుంచి గ్లాసెడు నీళ్ళు తెచ్చి అరచేతిలో పోస్తే రైటు మెల్లగా నాకింది.

"ఏయ్! దీక్ష చెడగొడ్తున్నవా? లెవ్వు ఈడికెల్లి!" అని అరిచాడు నారాయణ.

కుక్కకు దీక్షేమిటో నారాయణకూ తెలుసు. కానీ పొద్దున తన చేతిలో తాగనిది ఆ చేతిలో తాగింది. అదే ఓర్వలేకపోయాడు.

ఖుర్షీద్ లేచి సైకిలెక్కాడు.

సాయంత్రానికి రైటు ఇంటి ముందు కూలబడింది. నారాయణ పశువుల ఆస్పత్రికి పరుగెత్తితే సమ్మెతో తాళం. తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు ఖుర్షీద్, చేతిలో మందుల పొట్లం.

"డాక్టర్ సాబ్ గూడ శిబిరంలనే ఉన్నడు. బతిలాడి రాయించుకచ్చిన."

నారాయణ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు పెడితే అది తినదాయె. ఆయన పెడ్తుంటె నువ్వు తిననియ్యవైతివి. పక్కకు జరుగు!" అంది భార్య రాజలక్ష్మి.

ఖుర్షీద్ పిడుదులు ఒక్కొక్కటే పీకి కిరసనాయిలులో వేశాడు. గంజి వడగట్టి, చిటికెడు ఉప్పు వేసి, మూతి పక్కనుంచి చెంచాతో పట్టాడు.

"మూతి పైకెత్తి పొయ్యకుండ్రి, పొలమారుతది. మూత్రం ఎర్రగచ్చిందంటె ఆలస్యం చెయ్యకుండ్రి, డాక్టర్ సాబ్ కాడికి ఉరుకుండ్రి."

అంతలో కుక్క మెడలో గుడ్డమూట ఆయన వేలికి తగిలింది.

"ఇదేంది?"

"తాయెత్తు భయ్యా. అచ్చిననాడే మెడల బిళ్ళ ఉండె, మీ అక్షరాలు. ఏ దర్గల మంత్రిచ్చిండ్రో, పోగొట్టద్దని బట్టల కుట్టిన," అంది రాజలక్ష్మి.

ఖుర్షీద్ ఆ మూటను కాసేపు గుప్పిట్లో పట్టుకున్నాడు. కుక్క కింద పరిచిన నారాయణ పాత ఖాకీ చొక్కా వంక చూశాడు.

"మంచిగ జేసిండ్రమ్మా. తియ్యకుండ్రి."

నాలుగు రోజులు సైకిలు మీద వచ్చాడు. పోయేముందు ప్రతిసారీ మట్టితో రుద్ది ఏడుసార్లు చేతులు కడుక్కునేవాడు. అంత రోతైతే ముట్టుకోవడమెందుకని నారాయణ లోలోపల ఉడికేవాడు.

"కుక్క ఎంగిలి అంటితె గిట్ల కడుక్కునే నమాజుకు పోవాలె గద భాయ్," అన్నాడు ఖుర్షీద్, అడగకుండానే.

అయిదో రోజు చెంచా నారాయణ చేతికిచ్చాడు.

"ఇగ మీరే పెట్టుండ్రి."

తాను తలుపు చాటుకు వెళ్ళి నిలబడ్డాడు. రైటు అటూ ఇటూ చూసి, చివరికి నారాయణ చేతి గంజి తాగింది.

"సూసినవా? నా కుక్క!"

"మీదే భాయ్," అన్నాడు ఖుర్షీద్. "నెల కింద అచ్చిన. ఎల్లుండి మల్ల మస్కట్ పోతున్న. ఇంక రెండేండ్లకే వచ్చుడు."

రైటు మూలుగుతూ ఆయన వెంట పోబోతే నారాయణ గేటు వేశాడు. పీడ విరగడైందనుకున్నాడు.

పది రోజుల తర్వాత కుక్కకు నీళ్ళు పోస్తుంటే గుడ్డ చినిగి ఇత్తడి బిళ్ళ కింద పడింది. పక్కింటి మెహజబీన్‌ను పిలిచాడు.

"ఏం దువా మంత్రమున్నదో సదువు బిడ్డా. ఊకె ఆ సైకిలాయన బతికిచ్చిండంటరు గని, నా కుక్కను కాపాడింది గిదే."

"కుక్క మెడల దువా ఎవలు కడ్తరు మామా!" నవ్వుతూ మెహజబీన్ బిళ్ళను చున్నీతో తుడిచింది. "షేరూ..."

రైటు చెవులు నిక్కబొడిచింది. ఒక్క ఉరుకున గేటు దగ్గరికి పోయి రోడ్డు వైపు చూసింది.

"కింద ఇంకో లైనున్నది," అని మెహజబీన్ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది: "ఖుర్షీద్, కథలాపూర్."