పరధ్యానం

ఐదో తరగతి ఆరీఫాను పక్కన నిలబెట్టి, అయ్యవారు ఆమె తల్లి అమీనాబీతో అన్నాడు: "నీ కూతురికి చదువు రాదు. పాఠం చెప్తాంటే గోడ చూస్తాంటాది. మేకలు మేపేకి పంపు."

"దానికి మూర్ఛ ఉండాది సార్. ఆ జబ్బుకూ మాత్రలకూ మనసు ఒకచోట నిలవదంట. కోపం చేయకుండా మళ్ళీ చెప్పాలన్నాడు కదిరి డాక్టరు. చీటీ కూడా మీకు జూన్‌లోనే ఇచ్చినాను."

అయ్యవారు సెల్‌ఫోన్ చూసి నవ్వుకుంటున్నాడు. కాసేపటికి తలెత్తాడు.

"ఏమంటివి?"

అమీనాబీ అంతా మళ్ళీ చెప్పింది. ఆయన చూపు మళ్ళీ ఫోన్ మీదికే పోయింది.

"ఆఁ, ఏం జబ్బంటివి?"

అమీనాబీకి ఒళ్ళు మండింది. నోరు తెరవబోతుంటే ఆరీఫా ఆమె కొంగు పట్టుకుని లాగింది.

"సార్‌ను తిట్టొద్దమ్మీ. పాపం, ఆయనకు గూడా మూర్ఛ ఉండాదేమో."