రిలే కట్టిన చేయి

ఓర్వకల్లు బస్టాండు పక్కన, దావీదురాజు మెకానిక్ షెడ్డు ముందు ఒక పాత మోటార్‌సైకిల్ ఆగిపోయింది.

నడుపుతున్నది అరవై ఏళ్ల ఆడమనిషి. చీర కుచ్చెళ్లు దోపుకొని, తలకు తువ్వాలు చుట్టుకొని ఉంది.

"గుంతలో పడితే చాలు, ఇంజను ఆగిపోతాండాది. కీ స్విచ్చి వేడెక్కుతాండాదప్పా. ఒక రిలే కట్టియ్యి" అంది.

"రిలే ఎందుకు పెద్దమ్మా? స్విచ్చి మారిస్తే సరిపోతాది."

"రెండుసార్లు మార్పించినా. రెండుసార్లూ కాలింది. కరెంటంతా దాంట్లోనే పోతే ఎట్ల తట్టుకుంటాది? రిలే పెడితే స్విచ్చి సైగ చేస్తాది, అంతే. బరువు రిలే మోస్తాది."

టీకొట్టు దగ్గరున్నవాళ్లు నవ్వారు. దావీదురాజుకు తల కొట్టేసినట్టయింది.

"నాకే చెప్పొచ్చినావా? నేను కర్నూలు దాసన్న శిష్యుణ్ణి. వైరింగంటే ఆయనదే. ఆయన షెడ్డులో ఏ బండికీ రిలే చూడలే."

"ఆయప్ప పెట్టనిస్తే గదా!"

"పోయిన మనిషిని అంటాండావా? నేను కట్టను, పో. ఆడోళ్ల మాట విని వైర్లు కాలబెడితే చెడ్డపేరు నాకు."

"కట్టొద్దులే. పట్టకారు ఇయ్యి, నేనే కట్టుకుంటా."

"ఇయ్యను."

ఆమె అతని మొహంలోకి సూటిగా చూసింది. "రోడ్డు నీది కాదు గదా" అంటూ ఎండలోనే గొంతుక్కూర్చుంది.

సంచిలోంచి రిలే, వైరు, టేపు తీసింది. పంటితో వైరు తోలు ఒలిచింది. బ్యాటరీ నుంచి ఫ్యూజుకు, ఫ్యూజు నుంచి రిలేకు, అక్కడినుంచి ఇంజను కాయిల్‌కు ఎర్ర వైరు లాగింది. కీ స్విచ్చి వైరును రిలేకు సైగ ఇవ్వడానికి మాత్రమే కలిపింది.

టీకొట్టు దగ్గరున్నవాళ్లు గ్లాసులతోనే దగ్గరికొచ్చి చూశారు.

కీ తిప్పింది. రిలే టిక్కుమంది. ఒక్క తన్నుకు ఇంజను అందుకుంది. హ్యాండిల్ పట్టుకొని ఊపింది, స్విచ్చిని పిడికిలితో గుద్దింది. ఇంజను ఆగలేదు.

"తప్పుంటే చెప్పప్పా."

దావీదురాజు వంగి వెతికాడు. అతుకులు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా ఉన్నాయి. అచ్చం తను కట్టినట్టే ఉంది.

"ఏదో నీ అదృష్టం" అన్నాడు.

"అదృష్టం కాదు, నలభై ఏండ్లు" అని ఆమె నంద్యాల దారి పట్టింది.

వారం తర్వాత, కర్నూల్లో స్పేర్‌పార్ట్స్ కొట్టు నాగసుబ్బయ్య దగ్గర ఈ సంగతి చెప్పి నవ్వబోయాడు దావీదురాజు.

నాగసుబ్బయ్య నవ్వలేదు. "విశ్వాసమ్మప్పా ఆమె! దాసన్నకు అక్క. 'ఇప్పుడన్నా నా పేరుతో బోర్డు కట్టుకుంటా, ఎవరడ్డమొస్తారో చూస్తా' అని కడపలో షెడ్డు పెట్టను పోయింది."

"నాలుగేండ్లుంటి నేను ఆడ. ఒక్కసారీ చూడలేదే!"

"వైరింగు నేర్చుకుంటివి గదా?"

"యాడ నేర్పినాడు? వైరింగు బండ్లను పెరట్లోకి తోసి తలుపేసుకుంటాండె. విద్య రహస్యమంట. పనైపోయి బయటికొచ్చినాక, మేం దొంగతనంగా టేపు ఊడదీసి చూసి నేర్చుకుంటిమి."

నాగసుబ్బయ్య గొంతు తగ్గించాడు.

"దాసన్నకు పుట్టుకతోనే ఎరుపేదో పచ్చేదో తెలీదప్పా, ఆ తలుపెనకాల ప్రతి వైరూ కట్టింది ఆమెనే."