వాల్వావిడ చేతులు

"మళ్లీ కడుగుతున్నారేంటి మేడమ్?" హెడ్ నర్సు ఉండబట్టలేక అడిగేసింది.

వాల్వావిడ ఇంకో గిన్నె దగ్గరికి లాక్కుంది. గుండెలో అమర్చే వాల్వులు తయారుచేసే కంపెనీ తరఫున, ఆపరేషన్ ఉన్న రోజు మాత్రమే వస్తుందామె. అసలు పేరు ఎవరికీ పట్టలేదు. ఈ గదిలో అందరికీ వాల్వావిడే. మందునీళ్లలో నిలవ ఉంచిన వాల్వును మూడు గిన్నెల్లో కడిగి, సన్నటి గొట్టం చివరనున్న బుడగ మీద పెన్సిలంత లావుకి నొక్కి డాక్టరు చేతికివ్వడం ఆమె పని. మామూలుగా అయితే కబుర్లు చెబుతూ చిటికెలో చేసేస్తుంది. ఈవేళ నాలుగోసారి కడుగుతోంది. పైగా చేతులు వణుకుతున్నాయి.

నర్సుకి భయమేసింది. వాల్వును తిరగేసి నొక్కితే నెత్తురు వెళ్లే దారే మూసుకుపోతుంది. బల్ల మీదున్నది ఇరవై మూడేళ్ల పిల్ల. పుట్టుకతోనే గుండెలో లోపం. తొమ్మిదేళ్లప్పుడు ఛాతీ కోసి పెట్టిన వాల్వు అరిగిపోయింది. ఈసారి కోత లేకుండా, తొడ దగ్గరి రక్తనాళంలోంచి గొట్టం పంపి కొత్తది అమర్చాలి.

మత్తు ఇవ్వకముందు ఆ పిల్లను నర్సే పలకరించింది.

"తోడెవరొచ్చారమ్మాయ్?"

"మామయ్య వచ్చాడు సిస్టర్. మందుల వాసనకే కళ్లు తిరిగి కింద కార్లో పడుకున్నాడు."

"మరి మీ అమ్మ?"

"అమ్మకి డ్యూటీ ఉంది."

"ఇవాళ కూడానా!"

పిల్ల నవ్వింది. నర్సుకి ఒళ్లు మండింది. ఆ మంటంతా ఇప్పుడు వాల్వావిడ దగ్గర వెళ్లగక్కింది.

"ఏం తల్లండీ! కూతుర్ని బల్లెక్కించి పత్తా లేదు. నేనైతే ఆ గుమ్మం వదిలి కదిలేదాన్నా?"

వాల్వావిడ కళ్లు గట్టిగా మూసి తెరిచింది. చూపు ఆనడం లేదేమోనని నర్సుకి కొత్త భయం పట్టుకుంది. వెళ్లి డాక్టరు చెవిన వేసింది.

"ఒంట్లో బాగోలేకపోతే చెప్పండి మేడమ్," అన్నాడు డాక్టరు. "వారం ఆగి, మీ కంపెనీ నుంచి ఇంకొకర్ని పిలిపిద్దాం."

"వద్దండీ. దీన్ని ఇంకొకరి చేతుల్లో పెట్టను."

పంతానికైనా హద్దుండాలి కదా అనుకుంది నర్సు. వాల్వావిడ వాల్వును బుడగ మీద నొక్కి దీపం కిందికి తెచ్చింది.

"ఇటువైపు పైకి. డాక్టరుగారూ, చూడండి. సిస్టర్, మీరూ చూడండి. ఇంకోసారి చూడండి."

సరిగ్గానే ఉంది. అయినా నర్సుకి నమ్మకం కుదరలేదు. గొట్టం లోపలికి వెళ్లింది. తెర మీద నల్లటి నీడలా పాకుతూ గుండె చేరింది. డాక్టరు బుడగ ఉబ్బించాడు. అది ఉబ్బి ఉన్నంతసేపూ నెత్తురు ఆగిపోతుంది. బీపీ అంకె డెబ్బైకి, యాభైకి, ముప్పైకి జారింది. వాల్వావిడ గోడ పట్టుకుంది.

బుడగ తగ్గింది. అంకె నెమ్మదిగా నలభై అయింది. తొంభై అయింది. నూటపది దగ్గర నిలిచింది.

"భేష్! చుక్క కూడా వెనక్కి రావడం లేదు," అన్నాడు డాక్టరు.

వాల్వావిడ గౌను విప్పేసి, మూలనున్న స్టూలు మీద కూలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నర్సుకి జాలేసింది. పాపం, ఈ పని ఇక ఈవిడ వల్ల కాదు, మానేస్తే మేలనుకుంది.

ఇక మిగిలింది ఆ డ్యూటీ మహాతల్లి. శుభవార్త చెప్పే ముందు నాలుగు మాటలు దులిపేయాలని నర్సు ఫైలు తెరిచి, తల్లి నంబరు వెతికి, గోడకున్న ఫోను అందుకుని నొక్కింది.

వాల్వావిడ చేతిసంచిలో ఫోను మోగింది.