పేరు పోయిన కొండమేక

"ఒక్క సంతకం, సార్." పై అంతస్తు ల్యాబ్ మేడం కాగితాన్ని మ్యూజియం క్యూరేటర్ ముందుకు జరిపింది.

ఆయన కాగితం వంక చూడలేదు. ఎదురుగా గాజు పెట్టెలో నిలబెట్టిన కొండమేక వంక చూశాడు. మెలి తిరిగిన కొమ్ములు, సగం రాలిన గడ్డం. కాళ్ల కింద పేరు చెక్కిన ఇత్తడి పలక.

ముప్పై ఏళ్ల కిందట తూర్పు కొండల మీద ఆ మేకను చూసింది ఆయనే. పడమటి కొండల మేకలకు కొమ్ములు నిటారుగా ఉంటాయి కాబట్టి ఇది వేరే జాతి అని తేల్చిందీ ఆయనే. అప్పటికి పెళ్లయి నెల. నగ కొనే తాహతు లేదు. అందుకని ఆ జాతికి భార్య పేరు పెట్టి, ఇదే కానుక అనుకోమన్నాడు.

"ఇంకోసారి పరీక్ష చేస్తే?"

"మూడుసార్లు చేశాం. ముళ్లపొదల్లో చిక్కిన వెంట్రుకలు, పెంటికలు, పాత కొమ్ముల పొడి, ఏదీ వదల్లేదు. జన్యువుల లెక్కన తూర్పు మేకా, పడమటి మేకా ఒకటే జాతి. తేడా కొమ్ముల్లోనే. పడమటి మేకకి ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. మీరు పెట్టింది కొట్టేయాలి."

ఆయన కలం మూత తీశాడు. మళ్లీ పెట్టేశాడు.

"మీకు తెలియందేముంది మేడం. పెళ్లికి నేనిచ్చింది ఇదొక్కటే. 'మీ మొగుళ్లు గొలుసులు కొన్నారు, మా ఆయన కొండల నిండా నా పేరుతో మందలు తోలాడు' అని చుట్టాలందరి దగ్గరా గొప్పలు పోతుంది. ఇప్పుడా పేరు తీసేసి ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోను?"

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ల్యాబులో చుట్టరికాలు పనికిరావు సార్."

"భలేవారే! పొద్దస్తమానం మీరు మేకలకి కలిపేది చుట్టరికాలే కదా!"

తలుపు దగ్గర అటెండర్ కిసుక్కున నవ్వాడు.

"అంత కోపిష్టి మనిషా?" అంది మేడం.

"కోపమొస్తే ఈ మేక కొమ్ములు ఏ మూలకి? ఇవాళ మా ఇంట్లో పొయ్యి వెలగదు."

"తప్పని తెలిసీ దాచిపెట్టే మొగుడి కంటే, పస్తున్న మొగుడే నయం అనుకుంటుందేమో! అడిగి చూశారా?"

"అడిగాను. తిన్నగా జవాబు చెబితేగా!"

మేడం కాగితం మీద తన సంతకం కింద, ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి చూపించింది.

ఆయన నిట్టూర్చి సంతకం చేశాడు.

అటెండర్ స్క్రూలు విప్పాడు. పలక ఊడొచ్చింది. దాని కింద చెక్క ఇంకా కొత్తగానే ఉంది.

"పాత సామానులో పడెయ్యమంటారా?"

"ఇలా ఇవ్వు," అంది మేడం.

సాయంత్రం అయిదింటికి గేటు బయట క్యూరేటర్ స్కూటర్ హారన్ కొట్టగానే, మేడం వచ్చి వెనక సీటు మీద కూర్చుని, తన పేరున్న ఆ పలకను ఒళ్లో పెట్టుకుని, "దీన్ని మన వీధి తలుపుకి కొట్టండి, ఆ జాతిది ఇంట్లో ఇంకా ఒకటి మిగిలే ఉంది" అంది.