మూడున్నర దాకా మీసం

"ఆగు సూరన్నా! మార్కెట్ ఇంకా మూసీనేదు. మీసమ్మీద సెయ్యేసినావంటే కత్తి లాక్కుంటాను!"

మద్దిలపాలెం సెలూన్లో గవర్రాజు కుర్చీలోంచి సగం లేచిపోయాడు. మెడ చుట్టూ తెల్లగుడ్డ, గడ్డం నిండా సబ్బు నురగ, నురగ మీద ఠీవిగా మీసం. పోర్టులో క్రేన్ నడిపే మనిషే గానీ, క్రేన్ కంటే ఆ మీసం మీదే మోజెక్కువ. దాన్ని తీసుకెళ్లి పెళ్లాం అన్న గోపితో పందెం కాసేశాడు, మహానుభావుడు! నీలికెరటం అనే రొయ్యల మేత కంపెనీ షేరు ఈ బుధవారం మూడున్నరకి మార్కెట్ మూసేలోపు వంద రూపాయలు తాకాలి. తాకితే గోపి మీసం పోతుంది. తాకకపోతే గవర్రాజుది.

ఇప్పుడు మూడు గంటలు. షేరు తొంభై ఏడు దగ్గరుంది.

గోపి స్టీల్ ప్లాంటులో నైట్ డ్యూటీ చేసి, నిద్ర మానుకుని మరీ ఈ వినోదానికొచ్చాడు. పక్క కుర్చీలో కూర్చుని మరమరాల మురీ మిక్సర్ నములుతున్నాడు.

"ఇటు సూడు బావా," అని గవర్రాజు ఫోను అతని ముక్కు దగ్గర పెట్టాడు. "కింద ఈ పచ్చ కడ్డీలున్నాయి సూడు, ఇదే వాల్యూమ్. ఎన్ని షేర్లు సేతులు మారినాయో సెప్తాది. నిన్నటి దాకా గడ్డిపరకంత. ఇయ్యాల తాటిసెట్టంత! వాల్యూమంటే ఎడ్లు, ధరంటే బండి. ఎడ్లు లెగిసినాక బండి కదలక సస్తాదా?"

"నువ్వెన్ని కొన్నావేటి ఇంతకీ?"

"ఉన్నదంతా ఇందులోనే. నా పేర్న కాసిన్ని, మీ సెల్లి పేర్న బోల్డు. దానికీ ఫోన్లో అంతా నేర్పించీసినాను."

"ఓరి నీ దుంప తెగ! మా సెల్లిని కూడా ముంచీసినావా?"

అంతలో ఫోను మోగింది. ఆ చెల్లే, ధనశ్రీ.

"మావా, సేపల పులుసు దించీసినాను. ఎప్పుడొత్తావ్? మీసం ఉన్నట్టా, ఊడినట్టా?"

"ఊడ్డమా! తొంభై ఎనిమిది దాటీసిందే. ఇంక ఎవుడైనా గంపంత తెచ్చి ఒక్కసారి అమ్మకానికి పెడితే తప్ప ఇది ఆగదు. ఇంత ఊపులో అమ్ముకోడానికి ఎవుడికి పిచ్చెక్కింది?"

"నిజమే మావా, ఎవుడికెక్కుతాది," అని ధనశ్రీ ఫోను పెట్టేసింది.

తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిదిన్నర! క్షవరం కోసం కాచుక్కూర్చున్నవాళ్లందరూ బల్లల మీంచి లేచి గవర్రాజు భుజాల మీద వాలిపోయారు. గోపి నమలడం ఆపేశాడు. తెలీకుండానే అతని చెయ్యి సొంత మీసం మీదకి పోయింది.

"సూరన్నా, కత్తి బాగా నూరు. మా బావది కాస్త మొండి మీసం," అన్నాడు గవర్రాజు, నురగలోంచి నవ్వుతూ.

వందకి ఇరవై పైసలు తక్కువ. అదిగో, అక్కడ ఆగింది.

ఆగడమంటే ఆగడం కాదు, మేకు కొట్టినట్టు ఆగింది. కింద వాల్యూమ్ కడ్డీ మాత్రం లేస్తూనే ఉంది. జనం కొంటున్నారు, ఇంకా కొంటున్నారు. ఎంత కొన్నా ధర పైసా కదలదు!

"ఇదేటి సిత్రం! ఎడ్లింత లాగతంటే బండి కదలదేటి?"

గోపికి ప్రాణం లేచొచ్చింది. మళ్లీ గుప్పెడు మురీ నోట్లో వేసుకున్నాడు. "అంటే ఎనకనించి ఎవుడో పట్టుకున్నాడన్నమాట బావా. వాల్యూమ్ పెరిగి ధర పెరగనేదంటే ఎవుడో ఉన్నదంతా అమ్మి దింపుకుంటన్నాడు. ఆడు అమ్మడం ఆపే దాకా ఇంతే."

"నోర్ముయ్! అయిపోద్ది, ఆడి గంప కాళీ అయిపోద్ది సూడు!"

గంప ఖాళీ అయిందో లేదో దేవుడికెరుక. మూడున్నర మాత్రం అయింది. షేరు ఇరవై పైసల దూరంలోనే నిద్రపోయింది.

సూరన్న చూపు తప్పించి రెండు గీతలు గీశాడు. అద్దంలో ఎవరో కొత్త మనిషి, ఒలిచిన కోడిగుడ్డు మొహంతో. గవర్రాజు కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. గోపి నవ్వి నవ్వి మురీ పొలమారి దగ్గుతుంటే, గవర్రాజు రుమాలు నోటికడ్డం పెట్టుకుని ఇంటికి నడిచాడు.

మెట్ల దగ్గర కింద వాటా చిట్టెమ్మ ఎదురొచ్చింది. "ఎవురు బాబూ? ఎవురింటికి?"

ధనశ్రీ అయితే చూడగానే పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. కంచంలో అన్నం పెట్టి, పులుసు వేసి, వంగి అతని పైపెదవి మీద ఒకసారి వేలితో రాసి చూసింది. నున్నగా ఉంది.

గవర్రాజు ముద్ద కలిపాడే గానీ నోటికి పోవడం లేదు. "ఇరవై పైసలే! ఇరవై పైసల్లో పోయిందే నా పరువు! ఆ బండిని ఎనకనించి పట్టుకున్నోడెవుడో గానీ దొరకాల. ఆ సెయ్యి ఇరగ్గొట్టకపోతే నాను గవర్రాజునే కాదు!"

ధనశ్రీ గరిటె కింద పెట్టింది.

"గుచ్చుకుంటంది మావా, తీసీ మావా అని పెళ్లయిన కాడ్నించీ మొత్తుకుంటన్నాను, ఒక్కనాడైనా ఇన్నావా?" అంటూ గాజులు పైకి తోసుకుని కుడిచెయ్యి అతని ముందుకి చాపింది. "ఇదిగో, నా పేర్నున్నయన్నీ అమ్మీసిన సెయ్యి. ఇరగ్గొట్టీ!"