చెరిపిన గుర్తు

అన్యాయం ఎవరికి జరిగింది? టెన్నిస్ పోటీ కోసం వికారాబాద్ నుంచి వచ్చిన నిరోషాకు.

ఎలా జరిగింది? తాండూరులో అందరి ఎదుట ఆమెను దొంగ అన్నారు.

నాపరాళ్ల వ్యాపారి ధనరాజ్ తన కూతురు అంకిత కోసం వేయించిన కోర్టు అది. మెత్తటి రాతిపొడి పరిచిన నేల. మట్టి కోర్టు మీదలాగే బంతి పడిన చోట గుర్తు మిగులుతుంది. గెలిచిన అమ్మాయికి హైదరాబాద్ అకాడమీలో చోటు.

వికారాబాద్‌లో మట్టి కోర్టు మీద ఆట నేర్చుకున్న నిరోషా, ఫైనల్‌లో అంకిత మీద గెలుపుకు ఒక్క పాయింటు దూరంలో ఉంది.

అంకిత కొట్టిన బంతి గీత దగ్గర పడింది.

“అవుట్!” అన్నాడు అంపైర్‌గా కూర్చున్న డ్రిల్ మాస్టారు. ఆ మాటతో నిరోషా గెలిచినట్టే.

ఆమె గుర్తు దగ్గరికి నడిచింది. వంగి చూసింది. దాన్ని బూటుతో చెరిపేసింది.

ధనరాజ్ కుర్చీలోంచి లేచాడు.

“ఏయ్ పిల్లా! గుర్తెందుకు తుడిచినవ్? బాల్ లోపల పడ్డదని దొరికిపోతవనా?”

“అది కాదు సార్, జర నా మాట ఇనుండ్రి...”

“ఏం ఇనేది? కండ్ల ముంగట దొంగతనం చేసి!”

“వికారాబాద్‌ల గిదే నేర్పుతరా?” అన్నారెవరో వెనుక నుంచి. జనం నవ్వారు.

డ్రిల్ మాస్టారు సిమెంటు కోర్టు తప్ప మరొకటి ఎరుగడు. ధనరాజ్ ముఖం చూసి, మోసం చేసిందంటూ నిరోషాను పోటీ నుంచి తొలగించాడు.

ఆ తర్వాత ఆమె ఎక్కడికి ఆడబోయినా, దొంగ అన్న పేరు ఆమె కంటే ముందే చేరేది. చివరికి ఆట మానేసింది.

అంకిత హైదరాబాద్‌లో సిమెంటు కోర్టుల మీద ఎదిగింది. ఆటే వృత్తిగా దేశాలు తిరిగింది. సన్మానం జరిగిన ప్రతిచోటా ధనరాజ్ గర్వంగా ఒకే మాట చెప్పేవాడు.

“నా బిడ్డ షురూల్నే ఒక దొంగను ఓడగొట్టింది!”

ఏళ్లు గడిచాక, ఈ వేసవిలో అంకిత విదేశంలో మొదటిసారి ఎర్రమట్టి కోర్టు మీద ఆడింది. తిరిగి రాగానే వికారాబాద్ వెళ్లి, మందుల దుకాణంలో పనిచేస్తున్న నిరోషాను వెతికి, తాండూరులో తన సన్మాన సభకు వెంటబెట్టుకొని వచ్చింది.

వేదిక మీద ధనరాజ్ మళ్లీ ఆ మాటే మొదలుపెట్టాడు.

“నాన్నా, ఆగు. మట్టి కోర్టుల గుర్తు తుడుస్తే ఏందో ఎరుకనా నీకు?”

“దొంగతనం. ఇంకేందే?”

అంకిత మైకుకు చెయ్యి అడ్డం పెట్టి తండ్రి చెవిలో చెప్పింది.

ధనరాజ్ ముఖం వెలవెలబోయింది.

“మరి గప్పుడే ఎందుకు చెప్పలే గా పిల్ల?”

“నువ్వు చెప్పనిచ్చినవా? గది మన మీద బాకీ, నాన్నా. అందరి ముంగట అన్నవ్. అందరి ముంగటనే తీర్చాలె.”

ధనరాజ్ మైకు పట్టుకొని వేదిక దిగాడు. ముందు వరుసలో కూర్చున్న నిరోషా ఎదుట నిలబడ్డాడు.

“అందరు ఇనుండ్రి. నేను దొంగ అన్న పిల్ల గీమెనే. తప్పు నాది. మట్టి కోర్టుల గుర్తు తుడిచిండ్రంటే, అంపైర్ ఏమన్నా సరే, పాయింట్ ఎదుటోళ్లదే అని ఒప్పుకున్నట్టట. చేతికొచ్చిన గెలుపును నా బిడ్డకు ఇడిచిపెట్టింది గీ అమ్మ.”